ముందు తెర మీద కోయండి: డీఎన్ఏ సీక్వెన్సుల కోసం ఉచిత సాఫ్ట్‌వేర్

(బయోటెక్నాలజీ పీజీ విద్యార్థుల వర్క్‌షాపులో ఇచ్చిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక వరుసవాళ్లకి వినపడుతోందా? తెర కనిపిస్తోందా? సరే. అయితే ఈ అక్షరాలు చూడండి. ఏ, టి, జి, సి. మళ్లీ అవే నాలుగు. ఇలా మొత్తం 2686 అక్షరాలు. ఇది పీయూసీ19 ప్లాస్మిడ్, అంటే బాక్టీరియాలో ఉండే చిన్న డీఎన్ఏ వలయం. మీలో చాలామంది దీన్ని ట్యూబులో చూశారు, జెల్ మీద చూశారు, ప్రాక్టికల్ రికార్డులో గుండ్రంగా బొమ్మ కూడా వేశారు. ఇప్పుడు చెప్పండి, ఈ అక్షరాల్లో ఆంపిసిలిన్ అనే యాంటీబయాటిక్‌ని తట్టుకునే జన్యువు ఎక్కడుంది? ఎవరైనా? ఎవరూ లేరా? సిగ్గుపడక్కర్లేదు, నేను కూడా చెప్పలేను. ఈ వృత్తిలో ముసలివాళ్లైపోయినవాళ్లు కూడా ఊరికే చూసి చెప్పలేరు.

ఇప్పుడు ఒక బటన్ నొక్కుతాను. చూశారా, వలయం వచ్చింది. ఈ పెద్ద బాణం గుర్తే మన జన్యువు. 1626 నుంచి 2486 దాకా ఉంది. బాణం వెనక్కి తిరిగి ఉంది చూడండి, అంటే రెండో పోగు మీద, ఎదురు దిశలో చదవాలి. లెక్క వేయండి: 861 అక్షరాలు. మూడుతో భాగిస్తే 287. మూడక్షరాలకి ఒక అమైనో ఆమ్లం కదా, చివరిది స్టాప్ కోడాన్, అంటే ఆగమనే గుర్తు, అది తీసేస్తే 286 అమైనో ఆమ్లాలు. ఈ జన్యువు ఇచ్చే బీటా లాక్టమేజ్ ప్రోటీన్ సరిగ్గా అంతే ఉంటుంది. లెక్క కుదిరింది. ఇలా కుదిరిందా లేదా చూసుకోవడం అలవాటు చేసుకోండి, బొమ్మ బాగుందని నమ్మేయకండి.

ఈ పూట నేను చెప్పేవి రెండే. ఒకటి, ల్యాబులో డీఎన్ఏని కోసే ఎంజైమ్ తీసే ముందు తెర మీద కోయండి. రెండు, మీ సీక్వెన్స్ ఫైలుకి ఎవరి తాళమూ పడనివ్వకండి. మిగతాదంతా ఈ రెంటి చుట్టూ తిరుగుతుంది.

కొంచెం వెనక్కి వెళ్దాం. 1977లో కేంబ్రిడ్జిలో ఫ్రెడరిక్ శాంగర్ బృందం ఫై ఎక్స్ 174 అనే చిన్న వైరస్ సీక్వెన్స్ ప్రచురించింది. మొదట 5,375 అక్షరాలన్నారు, తర్వాత సరిదిద్ది 5,386 అన్నారు. అందులో ఒక జన్యువు లోపల ఇంకో జన్యువు ఉందని తేలింది. అవే అక్షరాల్ని ఒక్కటి పక్కకి జరిపి చదివితే వేరే ప్రోటీన్! ఇలాంటిది కంటితో వెతకడం ఎంత కష్టమో ఊహించండి. అదే ఏడాది, అదే కేంబ్రిడ్జిలో రోడ్జర్ స్టాడెన్ అనే ఆయన సీక్వెన్సుల్ని కంప్యూటర్‌తో ఎలా సంబాళించాలో ఒక పేపర్ రాశాడు. ఆయన ప్రోగ్రాములు స్టాడెన్ ప్యాకేజీగా పెరిగి, చివరికి సోర్స్ కోడ్‌తో సహా అందరికీ అందాయి. ఇది ఎందుకు చెబుతున్నానంటే, డీఎన్ఏ చదవడం, దాన్ని చూసే సాఫ్ట్‌వేర్ రాయడం కలిసే మొదలయ్యాయి. రెండోది మనవాళ్ల సిలబస్‌లో ఎందుకో యూనిట్ ఐదులోకి, పరీక్షలో వదిలేసే యూనిట్‌లోకి పోయింది.

సరే, ఫైలు సంగతి. అందరూ ల్యాప్‌టాప్‌లు తెరవండి. డెస్క్‌టాప్ మీద ఫోల్డర్ ఉంది, అందులో పీబీఆర్322 అని ఒక ఫైలు ఉంది. దాన్ని ఏ సాఫ్ట్‌వేర్‌లోనూ తెరవకండి. నోట్‌ప్యాడ్‌లో తెరవండి. అవును, మామూలు నోట్‌ప్యాడే. పైన లోకస్ అని ఒక లైన్ ఉంది. కింద ఫీచర్స్ అని ఉంది, ఏ జన్యువు ఎక్కడి నుంచి ఎక్కడికో అక్కడ రాసి ఉంటుంది. ఎదురు దిశలో ఉంటే కాంప్లిమెంట్ అని రాస్తారు. అన్నిటికన్నా కింద ఆరిజిన్ అని ఉంటుంది, దాని తర్వాత అక్షరాలు, పదేసి అక్షరాల గుంపులు, లైనుకి అరవై. ఇదే జెన్‌బ్యాంక్ ఫార్మాట్. జెన్‌బ్యాంక్ అంటే సీక్వెన్సుల్ని అందరికీ అందుబాటులో పెట్టే డేటాబేస్, 1982లో మొదలైంది. అప్పటి నుంచి ఇప్పటి వరకు ఇది మామూలు టెక్స్టే. రేపు ప్రపంచంలో సాఫ్ట్‌వేర్లన్నీ మాయమైపోయినా నోట్‌ప్యాడ్ ఉంటే ఈ ఫైలు చదవొచ్చు. ఫాస్టా ఇంకా సులువు, మొదటి లైన్లో ఒక బాణం గుర్తు, పేరు, తర్వాత అక్షరాలు, అంతే. కాకపోతే ఫాస్టాలో జన్యువుల గుర్తులు ఉండవు. ఫీచర్స్ పెట్టుకున్న ఫైలుని ఫాస్టాగా సేవ్ చేశారనుకోండి, మీరు పెట్టిన గుర్తులన్నీ పోతాయి.

లోకస్ లైన్ మళ్లీ చూడండి. 4361 అని అంకె ఉంది, పక్కన సర్క్యులర్ అని ఉంది. ఆ ఒక్క పదం ఎంత పని చేస్తుందో చూపిస్తాను. ప్లాస్మిడ్ గాజులాంటిది, దానికి మొదలూ చివరా ఉండవు. కానీ ఫైల్లో రాయాలంటే ఎక్కడో ఒకచోట ఒకటో నంబరు పెట్టాలి కదా? పీబీఆర్322కి ఆ ఒకటో నంబరు ఎక్కడ పెట్టారో తెలుసా? ఎకో ఆర్ వన్ ఎంజైమ్ కోసే చోటు సరిగ్గా మధ్యలో. ఆ ఎంజైమ్ గుర్తుపట్టేది జి-ఏ-ఏ-టి-టి-సి. ఇందులో జి-ఏ-ఏ ఫైలు చివర ఉంది, టి-టి-సి ఫైలు మొదట్లో ఉంది. ఇప్పుడు ఆ సర్క్యులర్ తీసేసి లీనియర్ అని రాయండి, సేవ్ చేయండి, సాఫ్ట్‌వేర్‌లో తెరిచి ఎకో ఆర్ వన్ ఎక్కడుందో వెతకండి.

ఏం వచ్చింది? సున్నా కదా! పీబీఆర్322లో ఎకో ఆర్ వన్ లేదట! ఆ ప్లాస్మిడ్ 1977లో బొలివర్, రోడ్రిగెజ్ వాళ్లు తయారు చేసింది, పేరులో బీఆర్ వాళ్ల ఇంటిపేర్లే. అన్నేళ్లుగా ప్రపంచమంతా దాన్ని ఎకో ఆర్ వన్‌తో కోస్తూనే ఉంది. మన కంప్యూటర్ మాత్రం లేదంటోంది. కంప్యూటర్ తప్పు చెప్పిందా? మనం చెప్పింది చెప్పినట్టు నమ్మింది, అంతే. అందుకే ఎవరైనా మీకు ప్లాస్మిడ్ ఫైలు ఈమెయిల్‌లో పంపితే మొదట లోకస్ లైన్ చూడండి. తర్వాతే మిగతాది.

ఇప్పుడు తెర మీద నడుస్తున్న సాఫ్ట్‌వేర్ పేరు ఏప్. ఎ ప్లాస్మిడ్ ఎడిటర్ అనే మాటకి కుదించిన పేరు. యూటా విశ్వవిద్యాలయంలో వేన్ డేవిస్ అనే పరిశోధకుడు రాశాడు. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటి మీదా నడుస్తుంది. పాత ల్యాప్‌టాప్ అయినా ఫర్వాలేదు, ఇంటర్నెట్ లేకపోయినా ఫర్వాలేదు. చూడ్డానికి కొంచెం పాతకాలం వాసన వస్తుంది, నిజమే. మా స్టూడెంట్స్ కూడా మొదట ముఖం చిట్లిస్తారు. కానీ దీన్లో నాకు నచ్చిందేమిటంటే, ఇది సేవ్ చేసే ఫైలు కూడా లోపల జెన్‌బ్యాంక్ టెక్స్టే. నోట్‌ప్యాడ్‌లో తెరుచుకుంటుంది.

దీంతో ఏం చేయొచ్చు? పీయూసీ19నే ఎకో ఆర్ వన్, హిండ్ త్రీ రెండు ఎంజైమ్‌లతో కోద్దాం. నొక్కాను. రెండు ముక్కలు: 2635, 51. కూడండి, 2686. సరిపోయింది. ఇప్పుడు ల్యాబులో ఇదే చేసి, ముక్కల్ని పొడవు బట్టి విడదీసే ఒక శాతం అగరోజ్ జెల్ మీద నడిపారు. ఎన్ని బ్యాండ్‌లు కనిపిస్తాయి? రెండా? ఎవరన్నారమ్మా రెండని? ఆ 51 బేసుల, అంటే 51 అక్షరాల ముక్క ఆ జెల్‌లో కనపడదు. ఒక్క బ్యాండే కనిపిస్తుంది. రెండో ఎంజైమ్ అసలు పనిచేయకపోయినా ఒక్క బ్యాండే కనిపిస్తుంది. 2635కీ, 2686కీ తేడా ఆ జెల్ మీద మీకు తెలియదు. అంటే ఆ జెల్ ఫొటో తీసి రికార్డులో అతికించి ‘డబుల్ డైజెషన్ జరిగింది’ అని రాస్తే దానికి ఆధారం లేదు. ఈ మాట తెర మీద అర నిమిషంలో తెలుస్తుంది. అప్పుడేం చేస్తారు? ఒక్కో ఎంజైమ్‌ని విడివిడిగా ఒక్కో ట్యూబులో వేసి, అసలు కోయని ప్లాస్మిడ్‌ని పక్క లేన్‌లో పెడతారు. జెల్ పోయకముందే ప్లాన్ మారింది.

ఇంకో ఉచ్చు చెబుతాను, ఇది చాలామంది పడేది. ఎక్స్‌బా వన్ అనే ఎంజైమ్ టి-సి-టి-ఏ-జి-ఏ అనే చోట కోస్తుంది. మీ జన్యువు టి-సితో మొదలవుతుందనుకోండి. దాన్ని ఎక్స్‌బా వన్ చోటు పక్కనే అతికించారు. ఇప్పుడు చివరి అక్షరాలు కలిపి చదవండి: జి-ఏ-టి-సి. డీహెచ్5 ఆల్ఫా లాంటి మామూలు ఈ కోలై బాక్టీరియాలో డ్యామ్ అని ఒక ఎంజైమ్ ఉంటుంది. జి-ఏ-టి-సి ఎక్కడ కనిపిస్తే అక్కడ ఏ మీద మిథైల్ పెట్టేస్తుంది. మిథైల్ ఉంటే ఎక్స్‌బా వన్ కోయదు.

దీని తమాషా చూడండి. పీసీఆర్ చేసిన, అంటే ట్యూబులో కాపీలు తీసిన ముక్కకి మిథైల్ ఉండదు, కాబట్టి మొదటిసారి చక్కగా కోస్తుంది. లైగేషన్ అవుతుంది, అంటే ముక్క ప్లాస్మిడ్‌కి అతుక్కుంటుంది, కాలనీలు వస్తాయి. సంతోషంగా మినీప్రెప్ చేసి బాక్టీరియాలోంచి ప్లాస్మిడ్ తీస్తారు, ఇన్సర్ట్‌ని, అంటే అతికించిన ముక్కని, బయటికి తీసి చూద్దామని కోస్తారు. రాదు. ఇంకో కాలనీ, రాదు. పది కాలనీలు, రాదు. టెన్షన్. క్లోనింగ్ ఫెయిలైందని మళ్లీ మొదటి నుంచి మొదలుపెడతారు. నిజానికి క్లోన్ దొరికే ఉంది, ఫ్రిజ్‌లోనే ఉంది! ఏప్‌లో ఈ డ్యామ్ అడ్డంకిని లెక్కలోకి తీసుకునే సదుపాయం ఉంది, ఆ ఆప్షన్ పెట్టుకుంటే ముందే తెలుస్తుంది. తెలిస్తే ఏముంది, వేరే ఎంజైమ్ ఎంచుకోవచ్చు, లేదా డ్యామ్ లేని జేఎం110 లాంటి స్ట్రెయిన్‌లో ప్లాస్మిడ్ పెంచుకోవచ్చు.

ప్రైమర్ల దగ్గరికి వద్దాం, పీసీఆర్‌లో కాపీ ఎక్కడ మొదలవ్వాలో చెప్పే పొట్టి డీఎన్ఏ ముక్కలు. అందరూ దీని కోసమే వచ్చారని తెలుసు. నేను బోర్డు మీద ఒక జన్యువు చివరి ఆరు అక్షరాలు రాస్తున్నాను: జి-సి-టి-టి-ఏ-ఏ. చివర టి-ఏ-ఏ, స్టాప్. ఇక్కడి నుంచి రివర్స్ ప్రైమర్ ఎలా మొదలవుతుంది? చెప్పండి. సి-జి-ఏ-ఏ-టి-టి అన్నారు ఒకరు. అది జత అక్షరాలు మాత్రమే మార్చారు, దిశ తిప్పలేదు. ఇంకెవరు? ఏ-ఏ-టి-టి-సి-జి. అది దిశ తిప్పారు, జత మార్చలేదు. రెండూ చేయాలి. టి-టి-ఏ-ఏ-జి-సి. ప్రైమర్ ఎప్పుడూ ఐదు ప్రైమ్ నుంచి మూడు ప్రైమ్ వైపే, అంటే పోగు మొదటి కొస నుంచి చివరి కొస వైపే రాసి ఆర్డర్ ఇవ్వాలి. తలకిందులుగా ఆర్డర్ ఇచ్చిన ప్రైమర్లు మన దేశంలో ఎన్ని ఫ్రీజర్లలో పడి ఉన్నాయో! కంపెనీవాళ్లు మీరు టైపు చేసింది చేసినట్టు తయారు చేసి పంపిస్తారు. వాళ్ల తప్పేమీ లేదు. సాఫ్ట్‌వేర్‌లో రివర్స్ కాంప్లిమెంట్ అని ఒక బటన్ ఉంది, అది వాడండి. వాడి, ఆ ప్రైమర్‌ని మళ్లీ అదే సీక్వెన్స్ మీద వెతికించండి. ఎక్కడ అతుక్కుంటుందో, బాణం ఎటు చూస్తుందో కనిపిస్తుంది. ఫార్వర్డ్, రివర్స్ బాణాలు ఎదురెదురుగా ఉంటే ఆర్డర్ ఇవ్వండి.

ప్రైమర్లు ఎంచుకోవడానికి ప్రైమర్3 అని ఒకటుంది. అమెరికాలో వైట్‌హెడ్ ఇన్‌స్టిట్యూట్‌లో స్టీవ్ రోజెన్, హెలెన్ స్కలెట్స్కీ రాసింది. సోర్స్ కోడ్ బయటే ఉంది కాబట్టి ఎంతోమంది దాన్ని తమ సాఫ్ట్‌వేర్లలో పెట్టుకున్నారు. జెన్‌బ్యాంక్ నడిపే ఎన్‌సీబీఐ వాళ్ల ప్రైమర్-బ్లాస్ట్ లోపల కూడా ప్రైమర్3నే ఉంది. అది ప్రైమర్లు ఎంచుతుంది, ఆ పైన బ్లాస్ట్ వాటిని జీనోమ్ అంతటా వెతికి, ఇంకెక్కడైనా అతుక్కుంటాయా అని చెబుతుంది. మీరు మనిషి జన్యువు మీదో, వరి జన్యువు మీదో పనిచేస్తుంటే ఈ రెండో మెట్టు వదలకండి.

టీఎం గురించి, అంటే అతుక్కున్న ప్రైమర్లలో సగం ఊడిపోయే ఉష్ణోగ్రత గురించి ఎవరో అడగబోతున్నారు, నాకు తెలుసు. ‘సార్, ఒకే ప్రైమర్‌కి ఈ సైటులో 56 వచ్చింది, ఆ సైటులో 61 వచ్చింది, ఏది నిజం?’ అని. చూడండి, ఏ-టిలకి రెండు, జి-సిలకి నాలుగు అని కూడే లెక్క ఉంది కదా, మన పరీక్షల్లో వేసేది. అది చాలా పొట్టి ముక్కలకే పనికొస్తుంది. ఇప్పటి సాఫ్ట్‌వేర్లు పక్కపక్క అక్షరాల జంటల్ని చూసి లెక్క కడతాయి. దాన్లో ఉప్పు ఎంత, ప్రైమర్ గాఢత ఎంత, మెగ్నీషియం ఎంత అని కూడా వేసుకుంటాయి. ఒక్కో సైటు ఒక్కో డీఫాల్ట్ పెట్టుకుంటుంది. కాబట్టి అంకెలు వేరుగా రావడం సహజం. మీ బఫర్ విలువలు ఇచ్చారా? రెండు ప్రైమర్లకీ ఒకే సైటులో లెక్క చూశారా? అది ముఖ్యం. ఇంకోటి, ప్రైమర్ ముందు ఎంజైమ్ చోటు కోసం తోక తగిలిస్తారు కదా, మొదటి సైకిళ్లలో ఆ తోక దేనికీ అతుక్కోదు. టీఎం లెక్కలో దాన్ని కలపకండి, అతుక్కునే భాగానికే చూడండి.

రీడింగ్ ఫ్రేమ్, అంటే అక్షరాల్ని మూడేసి ఎక్కడి నుంచి చదవాలన్న సంగతి త్వరగా చెప్పేస్తాను. ఇన్సర్ట్ పెట్టాక మొత్తం కొత్త ప్లాస్మిడ్‌ని తెర మీద తయారు చేసి, ట్రాన్స్‌లేట్ నొక్కి, అమైనో ఆమ్లాలు చివరిదాకా చదవండి. మధ్యలో స్టాప్ వస్తే ఎక్కడో ఒక అక్షరం తేడా వచ్చిందన్నమాట. పీయూసీ19లో నీలం కాలనీ వస్తే ఇన్సర్ట్ లేనట్టు, తెల్ల కాలనీ వస్తేనే ఉన్నట్టు అని నేర్చుకున్నారు. చిన్న ఇన్సర్ట్ ఫ్రేమ్ చెడకుండా కూర్చుంటే కాలనీ లేత నీలంగా రావచ్చు. మీది అలాంటిదా కాదా అన్నది కూడా తెర మీదే తెలుస్తుంది.

మన వరి సంగతి

ఇప్పుడు మన పొలాల్లోకి వద్దాం. సాంబా మసూరి, బీపీటీ 5204, బాపట్ల రకం. ఇక్కడ తినని ఇల్లు ఉందా? దానికి పెద్ద శత్రువు బాక్టీరియా ఆకు ఎండు తెగులు. హైదరాబాద్‌లో సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ, వరి పరిశోధన సంస్థ కలిసి మూడు నిరోధక జన్యువుల్ని ఆ రకంలోకి సంకరంతో తెచ్చారు: ఎక్స్ఏ21, ఎక్స్ఏ13, ఎక్స్ఏ5. 2008లో ఇంప్రూవ్డ్ సాంబా మసూరి విడుదలైంది. ప్రతి తరంలోనూ ఏ మొక్కలో ఏ జన్యువు వచ్చిందో ప్రైమర్లతో పీసీఆర్ చేసి చూసే ఎంచుకున్నారు.

అందులో ఎక్స్ఏ5 చూడండి, నాకు భలే ఇష్టం. తెగులు సోకే రకానికీ, తట్టుకునే రకానికీ ఆ జన్యువులో ఉన్న తేడా రెండక్షరాలు. జి-టి-సి ఉన్నచోట జి-ఏ-జి. ప్రోటీన్‌లో 39వ స్థానంలో వాలీన్ పోయి గ్లుటమిక్ ఆమ్లం వచ్చింది. రెండక్షరాలు, అంతే! ఇలాంటి తేడాని కంటికి చూపించేది అలైన్‌మెంట్ సాఫ్ట్‌వేర్. జాల్‌వ్యూ అని స్కాట్లండ్‌లో డండీ విశ్వవిద్యాలయం వాళ్లది ఉంది, ఉచితం, సోర్స్ కోడ్ కూడా బయట ఉంది. రెండు రకాల సీక్వెన్సులు ఒకదాని కింద ఒకటి పెట్టి రంగులేస్తే, ఆ రెండు గళ్లు మాత్రం వేరే రంగులో కనిపిస్తాయి. అక్కడ ప్రైమర్ మూడు ప్రైమ్ కొస ఎక్కడ పడాలో ఆ రంగులే చెబుతాయి.

2025 మే నెలలో ఇంకో వార్త చదివే ఉంటారు. అదే వరి సంస్థ, రాజేంద్రనగర్‌లోని ఐఐఆర్ఆర్, జీనోమ్ ఎడిటింగ్‌తో సాంబా మసూరి నుంచి డీఆర్ఆర్ ధాన్ 100, కమల అనే రకం తెచ్చింది. క్రిస్పర్ అనే జీనోమ్ ఎడిటింగ్ పద్ధతితో కత్తిరించాలంటే మొదట కావాల్సింది ఏమిటి? కత్తిరించే చోటు చూపించే 20 అక్షరాల గైడ్, దాని పక్కన జి-జి ఉండే చోటు. అది వెతకడానికి చాప్‌చాప్, క్రిస్పోర్ లాంటి ఉచిత సైట్లు ఉన్నాయి. ఇలాంటి ఇరవై అక్షరాలు జీనోమ్‌లో ఇంకెక్కడ ఉన్నాయో కూడా అవి చెబుతాయి.

ఇక్కడ ఒక్క జాగ్రత్త. ఆ సైట్లలో వరి అంటే సాధారణంగా నిప్పాన్‌బరే. 2005లో అంతర్జాతీయ బృందం పూర్తి చేసిన జపాన్ రకం అది, మన దేశం కూడా ఆ బృందంలో ఉంది. మీరు పనిచేసేది సాంబా మసూరి మీద. నిప్పాన్‌బరేలో ఉన్న ఆ రెండు జిలలో ఒకటి మీ రకంలో ఏ అయిందనుకోండి, గైడ్ ఎంత అందంగా ఉన్నా అక్కడ కత్తిరింపు సరిగ్గా జరగదు. కాబట్టి మీ మొక్కలోంచి ఆ భాగం పీసీఆర్ చేసి, సీక్వెన్స్ చేయించి, దాని మీదే డిజైన్ చేయండి.

సీక్వెన్స్ చేయించాక వచ్చే ఫైల్లో అక్షరాలతో పాటు రంగురంగుల శిఖరాలు ఉంటాయి. చాలామంది అక్షరాలు కాపీ చేసుకుని శిఖరాలు చూడరు. అదేం పని? మొదటి ముప్పై నలభై అక్షరాలు, చివర కొన్ని వందలు గజిబిజిగా ఉంటాయి. అక్కడ యంత్రం ఏదో ఒకటి రాసేస్తుంది. ‘సార్, మ్యుటేషన్ దొరికింది’ అని పరిగెత్తుకొచ్చేవాళ్లలో ఎక్కువమందికి దొరికింది ఆ గజిబిజిలోదే. శిఖరాలు ఏప్‌లో కూడా తెరిచి చూడొచ్చు. చూశాకే నా గదికి రండి.

జీనోమ్ అంతా చూడాలంటే మాత్రం ఈ వలయం బొమ్మలు చాలవు. వరి జీనోమ్ దాదాపు 39 కోట్ల అక్షరాలు. దానికి ఐజీవీ ఉంది, బ్రాడ్ ఇన్‌స్టిట్యూట్‌ది, సోర్స్‌తో సహా ఉచితం. బాక్టీరియా జీనోమ్‌లకి శాంగర్ సంస్థ వాళ్ల ఆర్టెమిస్ ఉంది. వాటికి వేరే పూట కావాలి, ఇవాళ పేర్లు చెప్పి వదిలేస్తున్నాను.

ఫైలు ఎవరి చేతిలో ఉంది?

ఇప్పుడు తాళం సంగతి. ఉచితం అన్నవన్నీ ఒకటి కాదు. స్నాప్‌జీన్ వ్యూయర్ ఉంది, డబ్బు కట్టక్కర్లేదు, బొమ్మలు చాలా అందంగా వస్తాయి, నేను కూడా వాడతాను. కానీ లోపల కోడ్ చూడలేం, దాని సొంత ఫైలు నోట్‌ప్యాడ్‌లో చదవడానికి రాదు. బెంచ్‌లింగ్ ఉంది, బ్రౌజర్‌లోనే అన్నీ అవుతాయి, విద్యాసంస్థలవాళ్లకి ఉచితం. ఫైళ్లు మాత్రం వాళ్ల సర్వర్లో ఉంటాయి. ఇటుపక్క ఏప్, ప్రైమర్3, జాల్‌వ్యూ, రష్యాలో నోవోసిబిర్స్క్ వాళ్లు చేసిన యూజీన్, ఇవి మన కంప్యూటర్‌లో ఉంటాయి. యూజీన్‌లో అలైన్‌మెంట్, క్లోనింగ్, ప్రైమర్లు అన్నీ ఒకే చోట ఉంటాయి, ఒక్కటే నేర్చుకుంటానంటే అది నేర్చుకోండి.

అందమైన సాఫ్ట్‌వేర్ వాడొద్దా? వాడండి! నేనేమీ సన్యాసం తీసుకోమనడం లేదు. వెక్టర్ ఎన్‌టీఐ అని ఒకటుండేది. ఒకప్పుడు పెద్ద పెద్ద ల్యాబులన్నీ దాని మీదే నడిచాయి. ప్లాస్మిడ్లన్నీ దాని సొంత డేటాబేస్‌లోనే దాచుకునేవాళ్లు. 2019 తర్వాత దాన్ని అమ్మడం ఆపేశారు. ముందే జెన్‌బ్యాంక్ ఫార్మాట్‌లోకి తీసి పెట్టుకున్నవాళ్లు హాయిగా ఇంకో సాఫ్ట్‌వేర్‌కి వెళ్లిపోయారు. తీసి పెట్టుకోనివాళ్ల సంగతి మీరే ఊహించుకోండి. అందుకని ఏది వాడినా సరే, సాయంత్రం ల్యాబు మూసే ముందు ఎక్స్‌పోర్ట్ నొక్కి జెన్‌బ్యాంక్ ఫైలుగా ఒక కాపీ పెట్టుకోండి. ఫైలు పేరులో తేదీ పెట్టండి. ‘ఫైనల్’, ‘ఫైనల్2’, ‘నిజంగా ఫైనల్’ అని పెట్టకండి దయచేసి.

ఈ పీయూసీ ప్లాస్మిడ్లు చేసిన యోహాకిమ్ మెస్సింగ్ గురించి ఒక్క మాట. పేరులో యూసీ అంటే యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా. ఆయన వీటికి పేటెంట్ తీసుకోలేదు. అడిగినవాళ్లకల్లా పంపించాడు. ఆయన చేసిన ఎం13 ఎంపీ18 అనే వైరస్ డీఎన్ఏ, 7249 అక్షరాల పోగు, దాన్నే 2006లో పాల్ రోథముండ్ తీసుకుని, చిన్న చిన్న పోగులతో అక్కడక్కడ కట్టేసి, నవ్వే ముఖం ఆకారంలో మడత పెట్టాడు. నిజంగా డీఎన్ఏతో బొమ్మ! అది డిజైన్ చేయడానికి 2009లో కాడ్‌నానో అనే సాఫ్ట్‌వేర్ వచ్చింది. అదీ ఉచితం, అదీ సోర్స్‌తో సహా. ఆసక్తి ఉన్నవాళ్లు ఆడుకోండి, ల్యాబు అక్కర్లేదు, మౌస్ చాలు.

ప్రశ్నలు

ఏం బాబూ, ఫోన్‌లో చేయొచ్చా అనా? బ్రౌజర్‌లో నడిచేవి ఫోన్‌లో తెరుచుకుంటాయి. చూడ్డానికి సరే. ప్రైమర్ డిజైన్ మాత్రం ఫోన్‌లో చేయకండి. వేలు జారి ఒక అక్షరం పోతే తెలియదు. డిపార్ట్‌మెంట్ కంప్యూటర్ ఖాళీగానే ఉంటుంది కదా, దాని ముందు కూర్చోండి.

మీరేమంటున్నారమ్మా? వర్డ్ ఫైల్లో సీక్వెన్స్ దాచుకోవచ్చా? వద్దమ్మా. వర్డ్ తనకు తోచినట్టు పెద్దక్షరాలు మారుస్తుంది, ఎర్ర గీతలు గీస్తుంది, గుర్తులు మారుస్తుంది. ఎక్సెల్ ఇంకా ఘోరం. మార్చ్1, సెప్ట్2 లాంటి జన్యువుల పేర్లని తేదీలుగా మార్చేసేది. విసిగిపోయి 2020లో మనిషి జన్యువుల పేర్ల కమిటీవాళ్లు ఆ పేర్లే మార్చేశారు. సాఫ్ట్‌వేర్ మారదని జన్యువుల పేర్లు మార్చారు, చూడండి!

ఇంకెవరైనా? సరే, అయితే పని మొదలుపెడదాం. పీయూసీ19 ఫైలు తెరవండి. పీవీయూ టూ ఎంజైమ్‌తో తెర మీద కోయండి. ఎన్ని ముక్కలొచ్చాయి, ఒక్కోటి ఎంత, కాగితం మీద రాయండి. తర్వాత ఎకో ఆర్ వన్, హిండ్ త్రీల మధ్య ఆ 51 బేసులు తీసేసి, ఫోల్డర్లో ఉన్న 600 బేసుల ముక్క పెట్టండి. మళ్లీ పీవీయూ టూతో కోసి, ఏ ముక్క పెరిగిందో, ఎంత పెరిగిందో రాయండి. ఆ ముక్కలో కూడా పీవీయూ టూ చోటు ఒకటి ఉందేమో చూసుకోండి, నేను చెప్పను. ఇద్దరికొక ల్యాప్‌టాప్. పన్నెండున్నరకి కాగితాలు నాకివ్వాలి.